ఉప్పునీటి ట్యాంకులో నత్తల నుంచి పంపులను కాపాడుకోవడం ఎలా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. నాచు తినడం కోసం మీరు ట్యాంకులో వదిలిన నత్తలు ఓవర్‌ఫ్లో (ట్యాంకు నీరు పొర్లి కిందికి దిగే చోటు) మీదుగా సంప్‌లోకి, అంటే ట్యాంకు కింద ఉండే రెండో తొట్టిలోకి జారిపోతున్నాయి. అక్కడి నుంచి అవి, నీటిని తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపులోకి చేరడం వల్ల ఆరు నెలల్లో రెండుసార్లు ఇంపెల్లర్ (నీటిని నెట్టే చక్రం) రెక్కలు విరిగాయి, ట్యాంకులో అలలు పుట్టించే ఒక వేవ్‌మేకర్ కూడా ఆగిపోయింది. నత్తలను పూర్తిగా తీసేయాలా, లేక వాటిని ఉంచుకుంటూనే పంపులను కాపాడుకునే మార్గం ఉందా అని మీరు అడిగారు.

నత్తలను తీసేయవలసిన అవసరం లేదు. పంపు నోటికి చిన్న జాలీ బిగించే బదులు, పంపు మొత్తాన్ని విశాలమైన జాలీ పెట్టెలో ఉంచండి. పంపును ఆపిన ప్రతిసారీ తిరిగి నడిపే ముందు లోపల నత్త ఉందేమో చూడండి. పద్నాలుగేళ్లుగా ఉప్పునీటి ట్యాంకులు నడుపుతున్నాను. మొదటి నాలుగేళ్లలో నేను కూడా మీలాగే ఇంపెల్లర్లు మార్చుకుంటూ వచ్చాను. ఈ రెండు పనులూ క్రమం తప్పకుండా చేయడం మొదలుపెట్టాక నత్త వల్ల ఒక్క పంపు కూడా పాడవలేదు.

రెండవ పనిని చాలామంది పట్టించుకోరు కాబట్టి ముందుగా దాని గురించే చెబుతాను. నడుస్తున్న పంపు నత్తను లాగేసుకుంటుందని మనం అనుకుంటాం. చిన్న నత్తల విషయంలో అది నిజమే కానీ, వయసొచ్చిన ట్రోకస్, టర్బో నత్తలు నీటి లాగుడుకు అంత సులువుగా కొట్టుకుపోవు, ఎందుకంటే వాటి పాదం పట్టు చాలా గట్టిది. నేను విప్పి చూసిన పంపుల్లో ఎక్కువ భాగం నత్తలు పంపు ఆగి ఉన్నప్పుడు తమంతట తాము లోపలికి పాకి వెళ్లినవే. పంపు లోపలి గోడల మీద పలుచని జిగురు పొర పేరుకుని ఉంటుంది, అది వాటికి ఆహారం. పైగా లోపల చీకటి, నీరు నిలకడగా ఉంటుంది. పావుగంట తర్వాత మనం స్విచ్ వేస్తాం, రెక్క వెళ్లి గుల్లను కొడుతుంది.

నసారియస్ నత్తలు ఉన్న ట్యాంకుల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అవి పగలంతా ఇసుకలో పూడుకుని, ముక్కులాంటి గొట్టం మాత్రం పైకి పెట్టుకుని ఉంటాయి. మేత వాసన తగలగానే ఒక్కసారిగా ఇసుకలోంచి లేచి నలుదిక్కులా పాకుతాయి. మేత కొట్టుకుపోకూడదని మనం పంపులు ఆపేది కూడా సరిగ్గా అదే సమయంలో. అంటే ట్యాంకులోని నత్తలన్నీ చురుకుగా తిరిగే వేళలోనే పంపు నోళ్లు కదలకుండా తెరుచుకుని ఉంటాయన్నమాట. అందువల్ల మేత సమయంలో పంపులను పూర్తిగా ఆపడం నేను మానేశాను. వేగం తగ్గించే వీలున్న డీసీ పంపులైతే కనిష్ఠ వేగంలో ఉంచుతాను, రెక్కలు నెమ్మదిగా తిరుగుతున్నా నత్త లోపలికి వెళ్లదు. ఆ వీలు లేని పంపును ఆపక తప్పనప్పుడు, తిరిగి నడిపే ముందు టార్చి వేసి నోటి దగ్గర చూస్తాను. దీనికి పట్టేది అర నిమిషమే.

రెక్కలు ఎందుకు విరుగుతాయో కూడా తెలుసుకోవాలి. నత్త గుల్ల కాల్షియం కార్బొనేట్‌తో, అందులోనూ ఎక్కువగా అరగొనైట్ అనే రూపంతో తయారవుతుంది. మోస్ కాఠిన్యపు కొలమానంలో అరగొనైట్ 3.5 నుంచి 4 మధ్య ఉంటుంది, మన గోరు సుమారు 2.5 దగ్గర ఉంటుంది. ఇంపెల్లర్ రెక్కలేమో పలుచని ప్లాస్టిక్. 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద నడిచే రెండు ధ్రువాల ఏసీ పంపులో రోటరు (ఇంపెల్లర్‌ను తిప్పే అయస్కాంత భాగం) నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. ఇలాంటి చిన్న ఏసీ పంపుల్లో చాలావరకు మొదలయ్యేటప్పుడు అటూ ఇటూ ఊగి, ఏదో ఒక దిక్కుకు తిరగడం ప్రారంభిస్తాయి. ఆ ఊగిసలాటలోనే రెక్క వెళ్లి గుల్లకు తగిలితే మూడు రకాలుగా నష్టం జరుగుతుంది: రెక్క విరుగుతుంది, సన్నని సిరామిక్ ఇరుసు రెండు ముక్కలవుతుంది, లేదా రోటరు అసలే తిరగక తీగచుట్ట వేడెక్కుతూ ఉంటుంది. పంపు గుంయ్‌మని మూలుగుతూ నీరు మాత్రం పంపకపోతే ఈ మూడవ స్థితిలో ఉన్నట్టు, అప్పుడు వెంటనే ప్లగ్గు తీసేయాలి. డీసీ పంపుల కంట్రోలర్లు చాలావరకు ఈ అడ్డంకిని గుర్తించి తమంతట తామే ఆగిపోతాయి. అందుచేత వాటిలో మోటారు కాలిపోవడం తక్కువే కానీ, పంపు ఆగిపోయిన సంగతి మనకు ఉదయం దాకా తెలియకపోవచ్చు.

ఇక జాలీ పెట్టె సంగతి. విశాలంగా ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానో ఒక లెక్కతో చెబుతాను. గంటకు 3000 లీటర్లు పంపే పంపు సెకనుకు సుమారు 833 ఘన సెంటీమీటర్ల నీటిని పీల్చుకుంటుంది. దాని నోటి వ్యాసం 2.5 సెంటీమీటర్లయితే వైశాల్యం 4.9 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి అక్కడ నీటి వేగం సెకనుకు 170 సెంటీమీటర్లు. అదే పంపును 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న జాలీ పెట్టెలో ఉంచితే నాలుగు పక్కల వైశాల్యం కలిపి 500 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. జాలీలో సగభాగమే ఖాళీ అనుకున్నా, నీరు లోపలికి వచ్చే వేగం సెకనుకు 3.3 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే దాదాపు యాభయ్యో వంతు. అంత నెమ్మదైన ప్రవాహానికి చిన్న నత్త కూడా జాలీకి అతుక్కుపోదు, తన దారిన తాను పాకిపోతుంది. నోటికే బిగించిన చిన్న జాలీ మీద మాత్రం నత్త, నాచు ముక్క, ఖాళీ గుల్ల ఏది వచ్చినా అక్కడే అంటుకుని దారి మూసేస్తుంది. అప్పుడు పంపుకు నీరు చాలక మోత మొదలవుతుంది, చివరికి రక్షణ కోసం పెట్టిన జాలీయే పంపుకు హాని చేస్తుంది.

పెట్టెకు అడుగు ఉండాలి, మూత కూడా ఉండాలి. మూత విషయం నేను అనుభవంతోనే నేర్చుకున్నాను. నేను మొదట చేసిన పెట్టె పై అంచు నీటిమట్టం కంటే నాలుగు వేళ్ల ఎత్తు ఉండటంతో మూత అక్కరలేదనుకున్నాను. పది రోజులు తిరగకుండానే లోపల రెండు నెరైట్ నత్తలు కనిపించాయి. నెరైట్‌లు అలల అంచున, రాళ్ల మీద బతికే జాతి కాబట్టి నీళ్లు దాటి పైకి ఎక్కడం వాటికి సహజం. విద్యుత్తు తీగ, నీటి గొట్టం బయటికి వచ్చే చోట మిగిలే సందును స్పాంజి ముక్కతో పూడ్చండి, ఎందుకంటే నత్తలు చివరికి ఆ సందునే కనిపెడతాయి.

జాలీ కన్ను ఎంత ఉండాలన్నది మీ దగ్గరున్న నత్తల్లో అన్నిటికంటే చిన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ట్రోకస్, టర్బో, ఆస్ట్రేయా నత్తలు మాత్రమే ఉంటే 6 మిల్లీమీటర్ల కన్ను సరిపోతుంది. సెరిత్, నసారియస్ ఉంటే 3 మిల్లీమీటర్లు మంచిది. దేనితో చేయాలన్నది ఇంతకంటే ముఖ్యం. ప్లాస్టిక్ లేదా నైలాన్ జాలీ తప్ప మరేదీ వాడకండి. రాగి, ఇత్తడి జాలీలు ట్యాంకు దరిదాపుల్లోకి కూడా రాకూడదు, నీటిలో కరిగే రాగి కొద్ది మోతాదులోనే నత్తలనూ, రొయ్యలనూ, పగడాలనూ చంపుతుంది. స్టీలు తుప్పు పట్టదనే నమ్మకంతో కొందరు దాన్ని వాడుతుంటారు కానీ, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఉప్పునీటిలో నిరంతరం మునిగి ఉంటే గుంటలు గుంటలుగా తినేసుకుపోతుంది. కుట్టడానికి చేపల వల దారం, బిగించడానికి ప్లాస్టిక్ టైలు చాలు.

జాలీకి బదులు స్పాంజి వాడవచ్చా అని తర్వాత తప్పకుండా అడుగుతారు. వాడవచ్చు, చిన్న పిల్లనత్తలను కూడా ఆపగలిగేది అదే. అయితే స్పాంజితో వచ్చే ఒక ప్రమాదం గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు, నాకు మాత్రం అది జరిగింది. సంప్‌లో రిటర్న్ పంపు ఉన్న గదికి ముందు, రెండు అడ్డుపలకల మధ్య నేను స్పాంజి దిమ్మె ఇరికించాను. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత స్పాంజి మురికితో బిగుసుకుపోయి నీరు సరిగా దిగకపోవడంతో, దాని ముందున్న గదిలో నీరు పెరిగి పంపు ఉన్న గదిలో తగ్గింది. నీరు ఆవిరైనప్పుడు మంచినీటితో భర్తీ చేసే ఆటోమేటిక్ పరికరం సెన్సరు ఉండేది ఆ గదిలోనే. మట్టం తగ్గగానే నీరు ఆవిరైపోయిందని భావించి ఆ పరికరం మంచినీరు పోయసాగింది. ఆ గది కొలత 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల మట్టం నింపడానికి 12 లీటర్ల మంచినీరు పోసింది. మొత్తం 200 లీటర్ల వ్యవస్థలో లవణీయత లీటరుకు 35 గ్రాముల నుంచి ఒక్క రాత్రిలో 33కు పడిపోయింది. పగడాలు ముడుచుకుపోయి కనిపిస్తే పొద్దున కారణం తెలియక చాలాసేపు వెతికాను. అదృష్టవశాత్తూ ఏవీ చనిపోలేదు కానీ, పిల్లనత్తలను ఆపబోయి ట్యాంకు మొత్తాన్ని ప్రమాదంలో పెట్టానన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది.

అందుచేత స్పాంజి పెట్టదలచుకుంటే వారానికి ఒకసారైనా తీసి, నీరు మార్చేటప్పుడు బయటికి తీసిన ట్యాంకు నీటిలోనే పిండి కడగండి. స్పాంజి మూసుకుపోయినా నీరు దాటిపోయేలా దాని పై అంచు అడ్డుపలక కంటే కొంచెం కిందికే ఉండాలి. భర్తీ పరికరం ఒక్క విడతలో పోయగల నీటికి పరిమితి పెట్టండి, లేదా దాని మంచినీటి డబ్బాను చిన్నదిగా ఉంచండి. వారంవారం కడగడం మీకు కుదరదనిపిస్తే స్పాంజి జోలికి వెళ్లకుండా జాలీ పెట్టెతోనే సరిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నత్తలు సంప్‌లోకే రాకుండా పైన ఓవర్‌ఫ్లో దగ్గరే ఆపలేమా అన్నది సహజంగా వచ్చే ఆలోచన. ఓవర్‌ఫ్లో అంచున దువ్వెనలా ఉండే పళ్ల దగ్గర వెలుతురు, ప్రవాహం రెండూ ఎక్కువ కాబట్టి నాచు బాగా పడుతుంది, నత్తలు అక్కడికి చేరేది అందుకే. ఆ పళ్ల మీద సన్నని జాలీ వేస్తే జాలీ మీద కూడా నాచే పెరుగుతుంది, నీరు దిగడం తగ్గి ట్యాంకు మట్టం పెరిగి నేల మీదికి పొర్లే ప్రమాదం ఉంటుంది. కాబట్టి పైన సన్నని జాలీ వద్దని నా గట్టి సలహా. పైన వెడల్పు కన్నుల జాలీ పెట్టి పెద్ద టర్బోలను మాత్రం ఆపండి, అవి దిగుడు గొట్టం వంపులో ఇరుక్కుంటే అదీ పొర్లడానికే దారి తీస్తుంది. చిన్నవి కిందికి పోనివ్వండి. దిగుడు గొట్టం చివర ఫిల్టర్ సంచి కడితే అవి అందులో పడతాయి, రోజూ చూసి పైకి వేసేయవచ్చు. ఆస్ట్రేయా నత్త వెల్లకిలా పడితే చాలాసార్లు తనంతట తాను తిరగబడలేదు. సంప్ మూలలో అలా పడి చచ్చిపోతే కుళ్లి అమోనియా వదులుతుంది కాబట్టి సంచిని చూడటం పంపు కోసమే కాక నత్త ప్రాణం కోసం కూడా అవసరం. సంప్ అడుగున పోగయ్యే ఖాళీ గుల్లలను కూడా ఏరేయండి. పంపుకు వాటితో కలిగే హాని బతికున్న నత్తలతో సమానం, పైగా అవి పట్టుకుని నిలవలేవు కాబట్టి నేరుగా కొట్టుకొస్తాయి.

పంపు దాటాక కూడా నత్తల వల్ల ముప్పు ఉండే చోట్లు రెండు ఉన్నాయి. మీరు అడగకపోయినా వీటిని చెప్పక తప్పదు. కరెంటు పోయినప్పుడు రిటర్న్ గొట్టం ద్వారా ట్యాంకు నీరు వెనక్కి సంప్‌లోకి దిగుతుంది. గొట్టం కొస నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల లోతున ఉంటే, 120 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు గల ట్యాంకు నుంచి 60 లీటర్లు కిందికి వస్తాయి. దీన్ని ఆపడానికి మట్టానికి ఒక సెంటీమీటరు కింద గొట్టానికి చిన్న రంధ్రం చేస్తాం, అది గాలి పీల్చుకోగానే ప్రవాహం తెగిపోతుంది, దిగేది 6 లీటర్లే. ఒక చిన్న నత్త ఆ రంధ్రం మీద కూర్చుంటే మిగతా నీరంతా దిగిపోతుంది. నేను ఒకటికి బదులు రెండు రంధ్రాలు, గొట్టానికి రెండు పక్కలా పెట్టుకుని వారం వారం సన్నని బ్రష్‌తో శుభ్రం చేస్తాను. రెండవది చెక్ వాల్వ్, అంటే నీటిని వెనక్కి రానివ్వని వాల్వ్. దాని తలుపు దగ్గర గుల్ల ముక్క ఇరుక్కుంటే తలుపు పూర్తిగా మూసుకోదు. వాల్వ్ ఉంది కదా అని సంప్‌ను నిండా నింపకండి, వాల్వ్ లేకపోయినా వెనక్కి వచ్చే నీరంతా పట్టేటంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి.

వేవ్‌మేకర్ల విషయంలో నీరు వెడల్పాటి పంజరం గుండా వస్తుంది కాబట్టి లాగుడు తక్కువే. అక్కడ కూడా నత్త లోపలికి దూరేది ఎక్కువగా ఆగి ఉన్నప్పుడే. రాత్రిపూట టైమరుతో వేవ్‌మేకర్లను పూర్తిగా ఆపే అలవాటు ఉంటే మానుకోండి, ట్రోకస్, సెరిత్ నత్తలు బాగా తిరిగేది రాత్రిపూటే. వేగం సగానికి తగ్గిస్తే చాలు. పంజరం కన్నులు మీ చిన్న నత్తల కంటే వెడల్పుగా ఉంటే దాని మీద నైలాన్ జాలీ తొడుగు వేయవచ్చు. కొంత ప్రవాహం తగ్గుతుంది, నెలకు రెండుసార్లు తొడుగు కడగాలి.

ఇంత చేసినా ఆగనివి కొన్ని ఉంటాయి. కొల్లోనిస్టా అనే మాత్రంత నత్తలు కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగవు, ట్యాంకులోనే పిల్లలు పెడతాయి, జాలీ కన్నుల్లోంచి హాయిగా దాటిపోతాయి. అవి చాలావరకు రెక్కను విరగ్గొట్టేంత పెద్దవి కావు కానీ, ఇరుసు చుట్టూ చేరితే గరగరమనే చప్పుడు వస్తుంది, రోటరు అరుగుతుంది. వెర్మెటిడ్ నత్తలది మరో రకం బెడద. అవి పాకవు. పంపు లోపలే సున్నపు గొట్టం కట్టుకుని అతుక్కుపోతాయి, దారి ఇరుకవుతూ నెల నెలకూ ప్రవాహం తగ్గుతుంది. ఈ రెండింటికీ మందు ఒకటే, మూడు నెలలకు ఒకసారి పంపును విప్పి వెనిగర్‌లో కడగడం. ముందుగా చేతికి దొరికిన బతికున్న నత్తలను ఏరి ట్యాంకులో వేసేయండి. 5 శాతం ఆమ్లం ఉండే మామూలు తెల్ల వెనిగర్‌ను సమానంగా నీటితో కలిపి బకెట్‌లో పంపును గంటసేపు నడిపితే సున్నం బుడగలు వస్తూ కరిగిపోతుంది. తర్వాత విప్పి, ఇరుసు గుంటను పాత టూత్‌బ్రష్‌తో తోమి, మంచినీటితో బాగా కడగాలి. సబ్బు వాడకండి. వెనిగర్‌లో బ్లీచ్ ఎన్నడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

నత్త ఇరుక్కున్నప్పుడు బయటికి తీసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే ఇరుసులు చాలావరకు విరిగేది ఆ తొందరలోనే. ప్లగ్గు తీయకుండా సంప్‌లో చేయి పెట్టవద్దు. తీగచుట్ట వేడికి పంపు పూత చిట్లి ఉంటే నీటికి విద్యుత్తు తగులుతుంది, కాబట్టి ట్యాంకు లైన్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (విద్యుత్తు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) తప్పనిసరిగా ఉండాలి. ముందు మూత విప్పి పంపును ట్యాంకు నీటి గిన్నెలో కొద్దిసేపు వదిలేయండి, నత్త బతికే ఉంటే చాలాసార్లు తానే బయటికి వస్తుంది. రాకపోతే ఇంపెల్లర్‌ను పట్టుకుని పక్కకు తిప్పకుండా, రోటరును నిలువుగా పైకి లాగండి. పక్కకు ఒత్తిడి పడితే సిరామిక్ ఇరుసు పుటుక్కున విరుగుతుంది. అదనంగా ఒక ఇంపెల్లర్, ఒక ఇరుసు ఇంట్లో ఉంచుకోండి, రాత్రి పది గంటలకు అవి దొరకవు.

మీ పంపులో ఇప్పటికే రెండుసార్లు రెక్కలు విరిగాయి కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. పాత రోటరును వెలుతురులో పెట్టి, అయస్కాంతం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పూత మీద సన్నని చీలికలు, ఉబ్బు, గోధుమ రంగు మరకలు ఉన్నాయేమో చూడండి. పూత చిట్లి లోపలి అయస్కాంతానికి ఉప్పునీరు తగిలితే, ముఖ్యంగా డీసీ పంపుల్లో వాడే నియోడిమియం అయస్కాంతమైతే, త్వరగా తుప్పు పట్టి ఆ లోహాలు నీటిలో కలుస్తాయి. అలాంటి గుర్తు ఏది కనిపించినా రోటరు ఇంకా తిరుగుతోంది కదా అని ఉంచుకోకుండా మార్చేయండి. విరిగిన రెక్క ముక్కలు పంపులో దొరకకపోయి ఉంటే అవి రిటర్న్ గొట్టంలో, చెక్ వాల్వ్ దగ్గర ఆగి ఉండవచ్చు, అక్కడ కూడా విప్పి చూడండి.